దీపస్తంభం సెంజి, మూడో కుర్చీ

రోజు 203

నీకు చివరిసారి కన్నీళ్లు ఎప్పుడొచ్చాయి? గంజి గిన్నె చేత్తో పట్టుకుని ఈ గోడ కాగితం చదువుతున్న నిన్నే అడుగుతున్నాను. తప్పించుకోకు. రోజు చెప్పు, చోటు చెప్పు.

చెప్పలేవు. నేనూ చెప్పలేను. ప్రసంగాన్ని ప్రశ్నతో మొదలుపెట్టడం నా పాత అలవాటు. రాశాను గానీ చేతిలో వేడి లేదు.

నా పేరు పరంజ్యోతి. పైన నేల మీద ఉన్న రోజుల్లో బడి మొహం చూడకుండానే దేవుని వాక్యం నేర్చుకుని, మైకు లేకుండా నాలుగు వీధులకు వినబడేలా బోధించినవాణ్ణి. నిన్నటి నుంచి గనిలో నాకు చూపరి పని పడింది. కొట్టులో మిగిలిన అనిమే సీరియళ్లను, జపాను బొమ్మలకు మనవాళ్లు తెలుగు మాటలు పెట్టినవాటిని, ఒక్కొక్కటిగా చూసి ఉంచాలో చెరపాలో రాసి ఈ గోడకు అంటించాలి. గనిలోకి గాలి తెచ్చే చక్రాల లెక్కలు దాచడానికి కొట్టులో చోటు చాలడం లేదట.

కొట్టు చూసే వరహాలమ్మ గారిని అడిగాను, ఇంతమంది ఉండగా నేనే ఎందుకని.

"అప్పుట్లో ఈ బొమ్మల మీద గొంతు చించుకున్నోరు మీరే కదండీ అయ్యగారూ. ఏం సూసి అరిసారో ఇప్పుడన్నా సూడండి."

ఒక్కటి కూడా చూడకుండానే అరిచానని ఆమెకు చెప్పలేదు.

చూపు గదిలో మూడు కుర్చీలు ఉన్నాయి. మొదటి కుర్చీకి కాళ్ల దగ్గర తొక్కుడు చక్రం ఉంది. తొక్కితేనే తెర వెలుగుతుంది. ప్రతి కుర్చీ చేతికీ ఇత్తడి పిడి, దాని మీద ఒక చిన్న దీపం. కూర్చున్న మనిషి లోపల కదిలితే దీపం పచ్చగా వెలుగుతుంది. నియమం ఇది: చెరపమని రాసిన సీరియల్‌కు ఏడు రోజుల గడువు. ఆ గడువులోపు ముగ్గురు వేర్వేరు మనుషులకు పచ్చదీపం వెలిగితే దాన్ని ఉంచేస్తారు. లేకపోతే ఏడో రోజు మధ్యాహ్నం నాలుగో గంటకు చెరిపేస్తారు.

ఈ నియమం గనిని సిద్ధం చేసేటప్పుడే, పట్టీలు రాకముందు రాసింది. పదిహేనేళ్లుగా మనందరి ఎడమ చెవి వెనకా చలవపట్టీ ఉంది. భయాన్ని పెరగనివ్వదు, దుఃఖాన్ని దిగనివ్వదు. పదిహేనేళ్లలో ఒక్క దీపమూ వెలగలేదు. నియమాన్ని మార్చాలని కూడా ఎవరికీ అనిపించలేదు.

రోజు 204

ఒళ్లో పరిశుద్ధ గ్రంథం పెట్టుకుని తొక్కాను. అది లేకుండా నేను ఎక్కడా కూర్చోను.

సీరియల్: పిడుగు పాఠశాల. నలభై భాగాలు. అందరూ విద్యార్థులే, అందరూ కొట్టుకుంటారు. కొట్టే ముందు ఆ దెబ్బ పేరు గట్టిగా అరుస్తారు. ఒక్క పోరాటం ఆరు భాగాలు సాగింది. మధ్యలో ఒకడు ఆగి తన చిన్నప్పటి సంగతి చెప్పుకుంటే, ఎదుటివాడు పిడికిలి ఎత్తి అలాగే నిలబడి ఓపిగ్గా విన్నాడు.

నవ్వకూడదు. నేనూ అదే చేశాను. పాపం పేరు ముందు అరిచి ఆ తర్వాత దెబ్బ కొట్టేవాణ్ణి. సభ కూడా అలాగే నిలబడి వినేది.

అభిప్రాయం: రంగులు బాగున్నాయి. మా గదిలో లేని ఎరుపు ఉంది. దీపం వెలగలేదు. చెరపవచ్చు.

మధ్యాహ్నం దుమ్ము వడగట్టే గాలి గుడ్డలు ఉతికే వంతు. మా అమ్మాయి కెజీయా పక్కనే పిండింది. దానికి పద్దెనిమిదేళ్లు, మూడో ఏట నుంచీ పట్టీతోనే ఉంది.

"బొమ్మలు ఎలా ఉన్నాయి నాన్నా?"

"ఉన్నాయి."

"సరే," అంది. గుడ్డలు ఆరేశాం.

రోజు 206

సీరియల్: మరో లోకపు వంటవాడు. లారీ గుద్ది చనిపోయిన ఒక గుమాస్తా వేరే లోకంలో రాక్షసరాజు వంటింట్లో కళ్లు తెరుస్తాడు. మళ్లీ పుట్టడం వాక్యానికి విరుద్ధం. పూర్వం అయితే ఈ ఒక్క సంగతి మీదే మూడు రాత్రుల కూటం పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఒక్క వాక్యం రాసి వదిలేస్తున్నాను.

ఐదో భాగంలో అతను ఉల్లిపాయ తరుగుతాడు. పూర్తి ఒక నిమిషం. పొర మీద పొర, కత్తి చప్పుడు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మనం ఉల్లిపాయ చూసి తొమ్మిదేళ్లయింది. నేను తొక్కడం కొంచెం నెమ్మదించిందని తెర మసకబారాక తెలిసింది.

అభిప్రాయం: సిద్ధాంతం తప్పు, ఉల్లిపాయ నిజం. దీపం వెలగలేదు. చెరపవచ్చు.

పడుకునే ముందు గ్రంథం తీసి, అందులో ఏడ్చినవాళ్లను వరుసగా గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. ఎందుకో తెలియదు. రాజులు ఏడ్చారు. ముసలివాళ్లు ఏడ్చారు. ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. నలభై ఏళ్లు చదివిన పుస్తకం ఇంత తడిగా ఉందని నేను ఎప్పుడూ గమనించలేదు.

రోజు 207

సీరియల్: గాజు కవచం. కొండంత యంత్రాలు, వాటి గుండెల్లో కూర్చుని నడిపే పద్నాలుగేళ్ల పిల్లలు. పెద్దవాళ్లందరూ అద్దాల గదిలో నిలబడి ఆజ్ఞలు ఇస్తారు. పిల్లలు భయపడితే వాళ్ల కుర్చీలోంచి మందు ఎక్కుతుంది, భయం పోతుంది. తర్వాత బాగా పోరాడతారు.

అభిప్రాయం: పెద్దవాళ్లది దుర్మార్గం.

ఇది రాశాక చెవి వెనక్కి చెయ్యి పోయింది. పట్టీ చల్లగా ఉంది. చెరపవచ్చు.

రోజు 209

సీరియల్: దీపస్తంభం సెంజి. ఇరవై ఆరు భాగాలు. సెంజి అనే పదకొండేళ్ల పిల్లవాడు సముద్రం మధ్య ఒక రాతి దీపస్తంభంలో ఒంటికన్ను పిల్లితో ఉంటాడు. తండ్రి పడవ మీద వెళ్లాడు, ఇంకా రాలేదు. పిల్లవాడు మెట్లు ఊడుస్తాడు. దీపపు అద్దం తుడుస్తాడు. చేప విషయంలో పిల్లితో వాదిస్తాడు. పొద్దు వాలాక పైకెక్కి, దీపం వెలిగించి, చీకటి నీళ్ల వైపు ఒకే మాట అరుస్తాడు. "నేనిక్కడే ఉన్నా!" మర్నాడు మళ్లీ మెట్లు ఊడుస్తాడు.

అంతే. ఇంకేమీ జరగదు. పోరాటం లేదు, మరో లోకం లేదు. నాలుగు భాగాలు చూసి అభిప్రాయం రాసేశాను: చెరపవచ్చు. మిగతావి చూశాకే రాయాలన్నది పద్ధతి. చూసినా మారేదేముంది అనుకున్నాను.

వరహాలమ్మ గారు ముద్ర వేశారు. గడువు 216వ రోజు, నాలుగో గంట.

"ఇదివరకటి సూపరి రెండేళ్లు తీసుకున్నాడండి. తమరు వారంలో నాలుగు తేల్చేశారు. మీ సేతికి కత్తెరిత్తే తలపాగా కూడా మిగల్చరు."

రోజు 212

పద్ధతి ప్రకారం మిగతా భాగాలు తొక్కుతున్నాను. ఇక్కడ ఒక సంగతి రాయాలి. భాగం చివర్లో పేర్లు వస్తాయి, ఒకటిన్నర నిమిషం. ఏ చూపరీ ఆ పేర్లు చూడడు. కాళ్లకు ఊరట అని అక్కడే తొక్కడం ఆపేస్తాం. నేనూ ఇప్పటిదాకా ఆపేశాను, అన్ని సీరియళ్లలోనూ.

ఇవాళ తొమ్మిదో భాగం నడుస్తుండగా ఒళ్లో గ్రంథంలో పడ్డాను. ఏడ్చినవాళ్లు అరవై దాటారు. భాగం అయిపోయిందని గమనించలేదు. కాళ్లు వాటంతట అవే తిరుగుతున్నాయి. తల ఎత్తేసరికి తెర మీద తెలుగు అక్షరాలు పైకి పోతున్నాయి.

సెంజి గొంతు: కె. సలోమి.

పిల్లి గొంతు ఎవరిదో కూడా ఉంది. చదవలేదు.

సలోమి నా భార్య. కెజీయా తల్లి. పెళ్లయిన కొత్తలో బెజవాడలో ఒక మేడ మీది చిన్న స్టూడియోకు వెళ్లి మాటలు చెప్పి వచ్చేది. ఏ పాత్రకని నేను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది: బొమ్మల్లో మగపిల్లల గొంతులు సాధారణంగా ఆడవాళ్లే ఇస్తారట. పరదేశపు బొమ్మల్లో చెడ్డ ఆత్మలున్నాయని సభలో అరుస్తూ, ఇంట్లో ఆ పని ఉండనిస్తానా? మాన్పించాను. ఆమె దాచుకున్న డిస్కులూ, పాడిన పాటల రికార్డులూ, ఫోనులో దాచిన మాటలూ, అన్నీ ప్రార్థనమందిరం వాకిట్లో నేనే తగలబెట్టాను. పెద్ద మంట. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆమె పక్కనే కెజీయాను ఎత్తుకుని నిలబడింది.

మరుసటి ఏడు మనం గనిలోకి దిగాం. రెండో తలుపు దగ్గర తొక్కిసలాట. మీకు తెలుసు, మీలో చాలామంది అక్కడ ఉన్నారు. సలోమి కూడా ఉంది. ఆమెను పాతిపెట్టకముందే నాకు పట్టీ వేశారు.

తొమ్మిదో భాగం మళ్లీ మొదటి నుంచి తొక్కాను. పిల్లవాడు అరిచే ముందు గొంతు సన్నగా సవరించుకుంటాడు, "హుఁ" అని. పాట ఎత్తుకునే ముందు ఆమె అలాగే చేసేది. ఆమే.

నాకేమీ అనిపించలేదు. దీపం వైపు చూశాను. వెలగలేదు.

భూమ్మీద ఆమె గొంతు మిగిలింది ఇక్కడ ఒక్కచోటే. దాన్ని చెరపమని రాసింది నేనే, మళ్లీ నేనే.

రోజు 213

వరహాలమ్మ గారి దగ్గరికి వెళ్లి అభిప్రాయం వెనక్కి తీసుకుంటానన్నాను.

"ముద్ర పడిపోయిందండి. ముద్ర పడ్డాక నా సేతిలో ఏం లేదు. మూడు దీపాలు ఎలిగించండి, నేనే సంతకం పెడతాను."

"పట్టీ ఉంటే దీపం ఎలా వెలుగుతుందమ్మా?"

"తమరు అయ్యగారు. ఎలిగించడం మీ పని కదండీ."

ఎగతాళి అని తెలుసు. కోపం రాలేదు.

కెజీయాకు చెప్పాను. మంట సంగతి కూడా చెప్పాను. అది గాలి గుడ్డ మడత పెడుతూ వింది.

"అమ్మ గొంతు ఎలా ఉంటుంది?"

"పదకొండేళ్ల మగపిల్లాడిలా ఉంటుంది."

"నిజంగానా?"

"ఆ బొమ్మలో."

గుడ్డ పక్కన పెట్టింది. "నేను చూస్తాను. పట్టీ తీసేసి చూస్తాను. కడగడానికి పావుగంట తీయొచ్చు కదా."

"పావుగంటలో ఏమీ తిరిగి రాదు. ఒక రోజంతా కావాలి. అంతసేపు తీస్తే ఒంటిగది శిక్ష."

"ఒంటిగదిలో గాలి గుడ్డలు ఉతకక్కర్లేదు," అంది. జోక్ వేసిందో లేదో నాకు అర్థం కాలేదు. దానికీ అర్థమైనట్టు లేదు.

అప్పుడే ఇద్దరం తీసేశాం. సంచిలో వేసి గ్రంథం కింద పెట్టాను.

రోజు 214

పట్టీ లేకుండా ఒక రోజు. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ముందు చెవిలో హోరు. తర్వాత చర్మం మీద బట్ట బరువు తెలిసింది. గంజి ఉప్పగా ఉంది. ఇన్నాళ్లూ ఉప్పగానే ఉందా? కెజీయా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడింది, ఉలిక్కిపడినందుకు భయపడింది, భయపడినందుకు నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి వెచ్చగా ఉంది. నాకు మాత్రం లోపల ఇంకా మొద్దుగానే ఉంది.

మధ్యాహ్నం మూడో గంటకు చూపు గదికి వెళ్లాం. నేను తొక్కాను, అది రెండో కుర్చీలో కూర్చుంది. మొదటి భాగం. సెంజి చేపను పలకతో కప్పి దాచాడు. పిల్లి పలక మీద కూర్చుంది. సెంజి లేవమన్నాడు. పిల్లి కళ్లు మూసుకుంది. సెంజి మర్యాదగా అడిగాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత, "సరే, నువ్వే దీపం వెలిగించు, నేనే పిల్లిని," అని మూల పడుకున్నాడు.

కెజీయా నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నాన్నా, నాకేదో అయింది!"

"నవ్వావు."

"నొప్పిగా ఉంటుందా ఎప్పుడూ?"

"పొట్ట దగ్గరా?"

"ఆఁ."

"అదే."

రెండో కుర్చీ దీపం పచ్చగా వెలుగుతోంది. పదిహేనేళ్లలో మొదటి దీపం. వరహాలమ్మ గారిని పిలిచాను. ఆమె వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసి, పుస్తకంలో కెజీయా పేరు రాశారు. మా చెవుల వెనక ఖాళీ చూశారు. పుస్తకం మూసి వెళ్లిపోయారు.

రోజు 215

నా వంతు. పది నుంచి ఇరవై ఐదు దాకా వరుసగా తొక్కాను. కెజీయా పక్కన కూర్చుంది. కొన్నిచోట్ల నవ్వింది. పదిహేడులో ఏడ్చింది, ఏడుపంటే ఇదేనా అని మధ్యలో ఆగి అడిగింది. నా దీపం వెలగలేదు. ఇంత నవ్వూ ఇంత ఏడుపూ పక్కనే ఉండగా నా పిడి ఇత్తడిలాగే ఉంది. గ్రంథం తీసి ఏడ్చినవాళ్ల వరుస చూసుకున్నాను. నా పేరు చేరదేమో అనిపించింది. అనిపించింది అంటే తెలిసింది. అనిపించడం ఇంకా రాలేదు.

ఇరవై ఆరో భాగం. తుపాను. దీపం నూనె అయిపోయింది. వెలుగు లేదు. సెంజి చీకట్లో పైకెక్కాడు. వెలిగించడానికి ఏమీ లేదు కాబట్టి అరవడమొక్కటే మిగిలింది. "హుఁ" అని గొంతు సవరించుకున్నాడు. "నేనిక్కడే ఉన్నా!" గాలి. "నేనిక్కడే ఉన్నా!" మళ్లీ. గొంతు బొంగురుపోయే దాకా అరిచాడు. బొంగురుపోయాక అది పిల్లవాడి గొంతు కాదు. ఆడమనిషి గొంతు. మా వంటింట్లోంచి, నేను సభ నుంచి ఆలస్యంగా వచ్చి ఎక్కడున్నావని అడిగితే, లోపలి నుంచి వినబడే గొంతు.

తెర ఆరిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. కాదు, నా కాళ్లు ఆగిపోయాయి.

"నాన్నా, తొక్కు!" అంది కెజీయా. తర్వాత, "వద్దు. నాన్నా, చెయ్యి చూడు."

పిడి తడిగా ఉంది. దీపం పచ్చగా ఉంది. ఎంతసేపటి నుంచి వెలుగుతోందో తెలియదు. నాకు నొప్పి ఇంకా అందలేదు. దూరంగా ఎక్కడో బయల్దేరింది, వస్తోంది.

రెండు దీపాలు. మూడోది కావాలి. వరహాలమ్మ గారిని మూడో కుర్చీలో కూర్చోమని అడిగాను. ఆమె నా పేరు రాసి, కలం మూత పెట్టారు.

"నా ఇద్దరు పిల్లలూ ఆ రెండో తలుపు కాడే పోయారు, అయ్యగారూ. తమరికి ఒకరు. నాకు ఇద్దరు. ఈ పట్టీ తీత్తే నేను నిలబడలేనండి. నన్నడక్కండి."

ఆమెను బలవంతపెట్టే మాటలు నా దగ్గర వంద ఉన్నాయి. పూర్వం వాటితో మనుషుల్ని మోకాళ్ల మీద పడేసేవాణ్ణి. ఒక్కటీ వాడలేదు. నీళ్లు తెచ్చి ఇచ్చాను, తాగారు.

లేచేటప్పుడు అన్నారు: "పట్టీలు తీశారని రిపోర్టు రాయాలండి నేను. రేపు నాలుగో గంటయ్యాక రాత్తాను. అప్పుడిదాకా నాకు కళ్లు సరిగ్గా ఆనవు."

రోజు 216, మధ్యాహ్నం మొదటి గంట

సెంజి గురించి ఇదే చివరి కాగితం. రేపటి నుంచి నేనూ మా అమ్మాయీ ఒంటిగదిలో ఉంటాం. అక్కడ గోడకు అంటించేవాళ్లు ఉండరు.

ఈ రోజు నాలుగో గంటకు దీపస్తంభం సెంజిని చెరిపేస్తారు. పాత అభిప్రాయం కొట్టేసి కొత్తది రాస్తున్నాను, దీనికి ముద్ర లేదు: ఏమీ జరగదని రాశాను, అబద్ధం. ఒక మనిషి ప్రతి పొద్దూ తాను ఉన్నానని ఎవరూ లేని నీళ్లకు చెప్పడం జరుగుతుంది. నేను చూసిన అన్నిటిలో ఇదే పెద్ద పోరాటం. పేరు అరవకుండా కొట్టిన దెబ్బ ఇదొక్కటే.

ఇక నీతో. అవును, గిన్నె పట్టుకున్న నీతోనే. మొదటి రోజు అడిగిన ప్రశ్న ఇవాళ నిజంగా అడుగుతున్నాను. రెండో తలుపు దగ్గర నీ వాళ్లు ఎవరు? వాళ్ల పేరు నువ్వు గట్టిగా పలికి ఎన్నేళ్లయింది?

నొప్పి ఉండదని చెప్పను. నిన్న బయల్దేరిన నొప్పి తెల్లారేసరికి నాకు అందింది. నేల మీద పడుకుని గ్రంథాన్ని కరుచుకుని ఉండిపోయాను. కెజీయా నా తల పట్టుకుంది. అయినా ఇదిగో లేచాను, రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి, చూడు. బతికే ఉన్నాను. ఒంటిగది ఉండదనీ చెప్పను. మూడు రోజులు. నేను పక్క గదిలోనే ఉంటాను, గోడ తట్టు, పలుకుతాను.

నా భార్య కోసం రమ్మనడం లేదు. ఆమె గొంతును తగలబెట్టినవాణ్ణి నేను, ఆ బరువు నాది. నీ కోసం రమ్మంటున్నాను.

ఒక రోజంతా ఆగే వ్యవధి లేదు. అందుకే గిన్నె కింద పెట్టు, ఇప్పుడే, ఈ వాక్యం దగ్గరే. ఎడమ చెవి వెనక్కి చెయ్యి పోనీ. గోరు కింద సందు దొరుకుతుంది, లాగు. నాలుగో గంట లోపల ఎంత తిరిగి వస్తే అంతే చాలు, ఒక్క ఉలికిపాటుకైనా దీపం వెలుగుతుంది. గాలి చక్రాల పక్క దారిన, ఎడమకు రెండో తలుపు దాటి రా. అవును, ఆ తలుపే. దాటు. కెజీయా గుమ్మంలో నిలబడి ఉంటుంది. నేను తొక్కుతూ ఉంటాను.

మూడో కుర్చీ ఖాళీగా ఉంది. రేపు సెంజి ఉండడు. ఈ రోజే రా. లే.